కొత్త ఇంటికి సాఫ్ట్‌నర్ కావాలా? ఒక ఇంటి నీళ్ల లెక్క

"అన్నా, పెయింట్ కూడా అయిపోయింది. ఇంకో పన్నెండు రోజుల్లో దిగుతున్నాం. ఇంటి మొత్తానికి సాఫ్ట్‌నర్ పెట్టించుకోమంటున్నారు. పెట్టించాలా, వద్దా?"

ఫోన్‌లో ఆయన టెన్షన్ తెలుస్తూనే ఉంది. సాఫ్ట్‌నర్ అంటే నీళ్ల కాఠిన్యం, అంటే హార్డ్‌నెస్, తగ్గించే యంత్రం. కొత్తగా ఇల్లు కట్టుకున్నవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. దీనికి ఫోన్‌లో జవాబు చెప్పడం నేను ఎప్పుడో మానేశాను. నీళ్లు చూడకుండా అవునన్నా తప్పే, వద్దన్నా తప్పే. రెండు రోజుల తర్వాత వస్తానని, అప్పటిదాకా ఎవరికీ అడ్వాన్సు ఇవ్వొద్దని చెప్పాను.

ఇళ్లకు ప్లంబింగ్ లైన్లు గీయడం, నీటి శుద్ధి ఏర్పాట్లు చూడటం నా పని. ఈ ఇంటి సంగతి ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. ఇక్కడ మొదట చేతికొచ్చిన రెండు అంకెలూ తప్పుదారి పట్టించేవే. ఒకటి భయపెట్టింది, ఒకటి అనవసరంగా ధైర్యం చెప్పింది. రెంటిలో దేన్ని నమ్మినా ఇంటివాళ్లు ఏళ్ల తరబడి దాని ఫలితం అనుభవించాల్సి వచ్చేది.

ఇల్లు రెండంతస్తులది. ఉండేది ఐదుగురు: భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, ఆయన అమ్మగారు. అమ్మగారికి బీపీ ఉంది, ఉప్పు తగ్గించమని డాక్టరు చెప్పారు. చిన్నబాబుకి చర్మం పొడిబారి దురద పెడుతుంటుంది. నీళ్లకు రెండు ఆధారాలు: బోరు, కుళాయి సరఫరా. రెండూ కింద ఒకే సంప్‌లోకి చేరతాయి, అక్కడి నుంచి పైన ఉన్న రెండు ట్యాంకులకు ఎక్కుతాయి. ట్యాంకులు రెంటినీ అడుగున పైపుతో కలిపారు. రెండు గీజర్లు, ఒక వాషింగ్ మెషీన్, వంటింట్లో ఆర్‌ఓ, వెనకాల కొంచెం తోట.

భయపెట్టిన అంకె

సాఫ్ట్‌నర్ అమ్మడానికి వచ్చిన మనిషి ఇంట్లో రెండు ప్రదర్శనలు చేసి వెళ్లాడు. మొదటిది జేబులో పట్టే టీడీఎస్ మీటరు. నీళ్లలో ముంచితే 720 చూపించింది. "720 హార్డ్‌నెస్ సార్, ఆరు నెలల్లో గీజర్ పోతుంది" అన్నాడట.

ఆ మీటరు హార్డ్‌నెస్‌ను కొలవదు. నీళ్లలో కరెంటు ఎంత సులువుగా పారుతుందో చూసి, దాన్నిబట్టి కరిగిన లవణాలన్నీ కలిపి ఇంత ఉండొచ్చని అంచనా వేసి చూపిస్తుంది. హార్డ్‌నెస్ అంటే అందులో కాల్షియం, మెగ్నీషియం వాటా మాత్రమే. మామూలు ఉప్పు వేసిన నీళ్లలో కూడా మీటరు అంకె వేలల్లోకి పోతుంది, అయినా అందులో కాఠిన్యం దాదాపు ఉండదు. ఇంకో మాట కూడా ఇంటాయనకు చెప్పాను. సాఫ్ట్‌నర్ పెట్టాక అదే మీటరు ముంచి చూసినా దాదాపు అదే అంకె వస్తుంది. ఎందుకంటే సాఫ్ట్‌నర్ లవణాలను తీసేయదు. కాల్షియం, మెగ్నీషియంలను పట్టుకుని వాటి బదులు సోడియం వదులుతుంది. ఆ మీటరు చూపించి సాఫ్ట్‌నర్ అమ్మడం న్యాయం కాదు.

రెండో ప్రదర్శన ఇంకా భయపెట్టేది. రెండు గ్లాసుల్లో నీళ్లు పోసి, కరెంటు కడ్డీలున్న పరికరం పెట్టాడు. ఇంటి నీళ్లు నిమిషంలో గోధుమ రంగు బురదగా మారాయి. ఆర్‌ఓ నీళ్లు తేటగా ఉండిపోయాయి. అది చూసి అమ్మగారు ఆ రాత్రి ఆ ఇంటి నీళ్లు తాగలేదట. నాకు ఆ మాట వింటే బాధేసింది. ఆ బురద నీళ్లలోంచి వచ్చింది కాదు, ఇనప కడ్డీలోంచి వచ్చింది. నీళ్లలో లవణాలుంటే కరెంటు పారుతుంది, కరెంటు పారితే ఇనుము కరిగి తుప్పు రంగు మడ్డిగా తేలుతుంది. ఆర్‌ఓ నీళ్లలో లవణాలు తక్కువ కాబట్టి కరెంటు పారదు, కడ్డీ కరగదు. నా దగ్గర అలాంటి పరికరం ఒకటుంది. అమ్మగారి ముందే తేటగా ఉన్న ఆర్‌ఓ గ్లాసులో చిటికెడు వంట ఉప్పు వేసి కడ్డీలు పెట్టాను. రెండు నిమిషాల్లో అదీ గోధుమ రంగుకు తిరిగింది. "అంటే ఉప్పుకి వచ్చిందా బాబూ ఆ రంగు?" అన్నారావిడ. ఉప్పు దారిచ్చింది, కరిగింది ఇనుము అని చెప్పాను.

ఇంకో సంగతి తర్వాత బయటపడింది. అతను ఆ నీళ్లు పట్టింది తోట కుళాయి నుంచి. ఆ కుళాయికి బోరు నీళ్లు నేరుగా వస్తాయి. బాత్రూముల్లోకి, గీజర్లలోకి వెళ్లేవి ఆ నీళ్లు కావు. ఎవరైనా నీళ్లు పరీక్ష చేశామంటే మీటరు ఏమిటని అడిగే ముందు, ఏ కుళాయి నుంచి పట్టారని అడగండి.

ఇంటాయన కూడా తన వైపు నుంచి ఒక సాక్ష్యం తెచ్చాడు. ఇప్పుడు ఉంటున్న అద్దె ఇంటి గీజర్ నుంచి తీసిన ఎలిమెంట్. వేలి మందాన గార కట్టి, అసలు లోహమే కనిపించడం లేదు. చూస్తే ఎవరికైనా దిగులు పుడుతుంది. కానీ అది ఇంకో బోరు, ఇంకో నీళ్లు. పక్కపక్క స్థలాల్లో బోర్లు వేరు వేరు లోతుల్లో, వేరు వేరు రాతి పొరల్లో ఉంటే నీళ్లూ వేరుగానే ఉంటాయి. ఆ ఎలిమెంట్‌ను పక్కన పెట్టించాను.

ధైర్యం చెప్పిన అంకె

నా పద్ధతి ప్రకారం నీళ్లు వచ్చే చోటు నుంచి వాడే చోటు దాకా విడివిడిగా పట్టాను. బోరు నీళ్లు మోటారు ఇరవై నిమిషాలు నడిచాక, పైపు మూతి దగ్గర. కుళాయి నీళ్లు సంప్‌లో పడక ముందే. తర్వాత సంప్ నుంచి ఒకటి, గీజర్‌కి వెళ్లే లైన్ నుంచి ఒకటి.

అక్కడికక్కడ చుక్కల పరీక్ష చేస్తాను. నీళ్లలో సూచిక పొడి వేస్తే, హార్డ్‌నెస్ ఉంటే ద్రాక్షరసం లాంటి ఎరుపు వస్తుంది. దానిలో ఈడీటీఏ ద్రావణం చుక్క చుక్కగా వేస్తూ కలుపుతూ పోతే, ఒక్క చుక్క దగ్గర రంగు నీలానికి తిరుగుతుంది. నా కిట్‌లో ఒక చుక్కకు 10 పీపీఎం, అంటే లీటరుకు 10 మిల్లీగ్రాములు, కాల్షియం కార్బనేట్ లెక్కన. అవే నమూనాలను ల్యాబ్‌కి కూడా పంపాను. పీహెచ్ (నీళ్లు ఆమ్లమా, క్షారమా చెప్పే అంకె), ఆల్కలినిటీ (ముఖ్యంగా బైకార్బనేట్ ఎంతుందో చెప్పే అంకె), ఇనుము కూడా తెలియకుండా నేను నిర్ణయం చెప్పను.

బోరు: హార్డ్‌నెస్ 410, ఆల్కలినిటీ 300, పీహెచ్ 7.2, ఇనుము 0.1. కుళాయి: హార్డ్‌నెస్ 110, ఆల్కలినిటీ 90, పీహెచ్ 7.6.

సంప్‌లో ఆ రోజు సగం బోరు, సగం కుళాయి నీళ్లున్నాయి. లెక్క ప్రకారం 260 రావాలి. పదిహేడు చుక్కలకే రంగు తిరిగింది: 170. గీజర్ లైన్‌లోనూ అంతే. మళ్లీ చేశాను, అదే వచ్చింది. ఇంటాయన ముఖం విప్పారింది. "170 అంటే పెద్ద ఎక్కువ కాదుగా అన్నా, ఇక వదిలేద్దామా?" అన్నాడు.

రెండు నీళ్లు సగం సగం కలిస్తే వాటి సగటు రావాలి, ఊరికే అంతకంటే తగ్గడానికి దారి లేదు. మధ్యలో ఏదో జరిగింది. పీహెచ్ చూస్తే 10.2 ఉంది. రెండు ఆధారాల్లో ఏదీ 8 దగ్గరికి కూడా రాదు. టార్చి వేసి సంప్ అడుగు చూశాను. పల్చటి తెల్లటి మడ్డి పరుచుకుని ఉంది. అప్పుడు విషయం అర్థమైంది. సంప్ లోపలి సిమెంటు పూత ఇంకా కొత్తది. కొత్త సిమెంటు నుంచి సున్నం నీళ్లలోకి దిగుతుంది. ఆ సున్నం నీళ్లలోని బైకార్బనేట్‌తో కలిసి కాల్షియం కార్బనేట్‌గా అడుగున పడిపోతోంది. పెద్ద పెద్ద నీటి శుద్ధి కేంద్రాల్లో సున్నం వేసి కాఠిన్యం తగ్గించే పద్ధతి ఒకటుంది. ఇక్కడ సంప్ తనంతట తానే ఆ పని చేస్తోంది.

అది ఎక్కువ రోజులు చేయదు. సిమెంటు పూత పాతబడ్డాక 170 మెల్లగా 260 అవుతుంది. బైకార్బనేట్ తక్కువున్న నీళ్లయితే ఇదే కొత్త సిమెంటు అంకెను పైకి కూడా తోస్తుంది. అందుకే కొత్త సంప్‌లోని నీళ్లను చూసి సాఫ్ట్‌నర్ కావాలనీ, అక్కర్లేదనీ తేల్చడం కుదరదు. పైగా పనివాళ్లు చూపించిన కుళాయిల మీది తెల్ల మచ్చలు, బకెట్ అడుగున తెల్ల పొడి కూడా చాలావరకు ఇదే సున్నం. కొత్త ఇంట్లో కనిపించే తెల్లదనమంతా హార్డ్ వాటర్ వల్లే అనుకోవద్దు.

సంప్ కడిగించి, రెండుసార్లు నింపి పూర్తిగా ఖాళీ చేయించాను. వారం తర్వాత మళ్లీ సగం సగం నింపి కొలిస్తే 250 వచ్చింది, పీహెచ్ 8.3. ఇప్పుడు మాట్లాడుకోవడానికి నమ్మదగిన అంకెలు చేతికొచ్చాయి.

అంకె ఎంతైతే ఎక్కువ?

అమెరికా భూగర్భ సర్వే సంస్థ వాడే వర్గీకరణలో 60 దాకా మృదు జలం, 61 నుంచి 120 మధ్యస్థం, 121 నుంచి 180 కఠినం, ఆపైన అతి కఠినం. అమ్మేవాళ్లు ఎక్కువగా చూపించే పట్టిక ఇదే. ఇది నీళ్లకు పేరు పెట్టే పట్టిక, ఏం చేయాలో చెప్పదు. నాకు పనికొచ్చేది ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల్లోని మాట. ఆరోగ్యం దృష్ట్యా వాళ్లు హార్డ్‌నెస్‌కు పరిమితి పెట్టలేదు. సుమారు 200 దాటితే, ముఖ్యంగా నీళ్లు కాచే చోట, గార పట్టొచ్చు. 100 కంటే తక్కువుంటే పైపులను తినేసే గుణం పెరగొచ్చు. అంటే మెత్తగా ఉన్నకొద్దీ మంచిదనేది నిజం కాదు. ఈ ఇంటి కుళాయి నీళ్లు 110 దగ్గరున్నాయి. వాటిని సాఫ్ట్‌నర్‌లోంచి పోనిచ్చి సున్నాకి దించడంలో నాకు ఏ అర్థమూ కనిపించలేదు.

అంకె ఒక్కటే చూసినా చాలదు. హార్డ్‌నెస్‌లో రెండు భాగాలున్నాయి. బైకార్బనేట్ రూపంలో ఉన్న తాత్కాలిక కాఠిన్యం కాచినప్పుడు కార్బనేట్‌గా మారి గార కడుతుంది. సల్ఫేట్, క్లోరైడ్ రూపంలోని శాశ్వత కాఠిన్యం గీజర్ వేడికి అంతగా పడదు, సబ్బును మాత్రం తినేస్తుంది. ఈ బోరులో ఆల్కలినిటీ 300 కాబట్టి 410లో 300 దాకా తాత్కాలికమే. అంటే ఇవి గీజర్‌కి చెడ్డ నీళ్లు, చల్లటి కుళాయికి ఫరవాలేని నీళ్లు.

లెక్క వేసి చూపించాను. రోజుకు 150 లీటర్ల బోరు నీళ్లు కాచితే వాటిలో గార కట్టగల పదార్థం 45 గ్రాములు. అదంతా పడదు, చాలావరకు నీళ్లతోపాటే బయటికి పోతుంది. పదో వంతే పడిందనుకున్నా రోజుకు నాలుగున్నర గ్రాములు, ఏడాదికి కిలోన్నర పైనే. ఆ పొర ఎలిమెంట్‌కీ నీళ్లకీ మధ్య దుప్పటిలా ఉంటుంది. లోపల ఎలిమెంట్ మాడుతుంది, బయట నీళ్లు వేడెక్కవు. కాల్షియం కార్బనేట్ తీరు చక్కెరకు పూర్తిగా వ్యతిరేకం: నీళ్లు వేడెక్కినకొద్దీ తక్కువ కరుగుతుంది. అందుకే గీజర్ థర్మోస్టాట్ 75 మీద ఉంటే ముందు దాన్ని 60కి తిప్పుతాను. నిలవ ఉండే వేడి నీళ్లను 60 కంటే తగ్గించమని చెప్పను, లెజియోనెల్లా బ్యాక్టీరియా పెరిగే ప్రమాదం ఉంది.

ఇంటి మొత్తానికి పెడితే

వాళ్లకు చెప్పిన యంత్రంలో రెజిన్ 25 లీటర్లు. రెజిన్ అంటే సన్నటి ప్లాస్టిక్ పూసలు. వాటి నిండా సోడియం ఉంటుంది. కాల్షియం, మెగ్నీషియం వచ్చి ఆ చోట్లన్నీ ఆక్రమించాక, ఉప్పు ద్రావణంతో కడిగి మళ్లీ సోడియం ఎక్కించాలి. దీన్నే రీజనరేషన్ అంటారు.

అద్దె ఇంట్లో వెయ్యి లీటర్ల ట్యాంకు మూడు రోజులకు రెండుసార్లు నింపుతున్నామన్నారు. రోజుకు 700 లీటర్లు అనుకుందాం. నీళ్లు కరువైన రోజుల్లో అంతా బోరే, 410. అంటే రోజుకు 287 గ్రాముల కాఠిన్యం పట్టుకోవాలి. లీటరు రెజిన్‌కు 96 గ్రాముల ఉప్పు చొప్పున వాడితే ఒక్కో విడతకు 2.4 కిలోల ఉప్పు పడుతుంది, 1.14 కిలోల కాఠిన్యం పట్టుకుంటుంది. నాలుగు రోజులకోసారి కడగాలి. నెలకు 18 కిలోల ఉప్పు, ఒక్కో కడుగుడుకు సుమారు 200 లీటర్ల నీళ్లు. నీళ్లు కరువైన రోజుల్లోనే నెలకు 1500 లీటర్లు కాలవలోకి పోతాయి.

అమ్మడానికి వచ్చిన మనిషి ఇచ్చిన కాగితంలో మాత్రం విడతకు 6 కిలోల ఉప్పని ఉంది. అది లీటరుకు 240 గ్రాములు. అంత పోసినా పట్టుకునేది 1.72 కిలోలే. ఉప్పు రెండున్నర రెట్లు, పని ఒకటిన్నర రెట్లు. నెలకు 30 కిలోలు. ఉప్పు పోసినకొద్దీ పని అంతే పెరగదన్నది సాఫ్ట్‌నర్ ఉన్న ప్రతి ఇంటివాళ్లకూ తెలియాలి. ఇప్పటికే యంత్రం ఉంటే వాల్వు సెట్టింగ్‌లో ఈ ఒక్క అంకె చూసుకోండి.

తర్వాత అమ్మగారి సంగతి. 100 పీపీఎం హార్డ్‌నెస్ తీస్తే లీటరుకు 46 మిల్లీగ్రాముల సోడియం చేరుతుంది. 410కి 189. ఆ నీళ్లు రోజుకు రెండు లీటర్లు తాగితే 380 మిల్లీగ్రాములు. పెద్దవాళ్లు రోజంతా కలిపి 2 గ్రాముల లోపే సోడియం తీసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. దాంట్లో దాదాపు ఐదో వంతు నీళ్ల ద్వారానే పోతుంది. ఆర్‌ఓ దాటి వస్తే సోడియం తగ్గుతుంది. కానీ ఆవిడ వంటింటి కుళాయి నుంచే చెంబుతో పట్టుకుని తాగుతానన్నారు, ఆ అలవాటు మార్చమని అడగడం నాకు ఇష్టం లేకపోయింది. తోటకూ మెత్తబరిచిన నీళ్లు పనికిరావు, సోడియం పేరుకుంటే నేల బిగుసుకుపోతుంది.

ఇంటాయన భార్య అడిగింది చిన్నబాబు గురించి. సాఫ్ట్‌నర్ పెడితే దురద పోతుందని వాళ్లకు చెప్పారట. ఇంగ్లండ్‌లో ఎగ్జిమా (చర్మం పొడిబారి దురద పెట్టే జబ్బు) ఉన్న 336 మంది పిల్లల ఇళ్లలో సగానికి సాఫ్ట్‌నర్లు పెట్టి 12 వారాలు చూశారు. 2011లో ఫలితాలు వచ్చాయి. మామూలు వైద్యానికి మించి సాఫ్ట్‌నర్ వల్ల అదనపు మేలు కనిపించలేదు. సబ్బు తేలిగ్గా వదులుతుంది, తక్కువ సబ్బు సరిపోతుంది, అది నిజమే. దురద తగ్గించడానికని మాత్రం కొనొద్దు, పిల్లాడిని చర్మ వైద్యులకు చూపించండి అన్నాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. ఆశ పెట్టుకున్న మాట అది, నాకు తెలుసు. అయినా చెప్పకుండా ఉండలేను.

అయస్కాంతాలు, పైపు చుట్టూ వైరు చుట్టే పరికరాలు ఎలా ఉంటాయని కూడా అడిగారు. అవి హార్డ్‌నెస్‌ను తీయవు. వాటి మీద నాకు నమ్మకం కుదిరే రుజువు దొరకలేదు, ఎవరికీ సిఫారసు చేయను.

ఏం చేశాం

ఈ ఇంట్లో మంచి నీళ్లున్నాయి, కఠినమైన నీళ్లున్నాయి. సంప్‌లో రెంటినీ కలిపి, ఆ కలిసినదాన్ని ఉప్పు పోసి బాగుచేయాలనుకుంటున్నారు. కలపకపోతే ఏమవుతుందని అడిగాను.

బోరు మోటారుకు పైకి నేరుగా ఎక్కించే పైపు ఉంది, వాల్వు మూసి పెట్టారు. ఫ్లష్ ట్యాంకులకు, బయటి కుళాయిలకు పైనుంచి విడిగా పైపు దించారు. ప్లంబర్ ముందుచూపుతో చేసిన మంచి పని అది. కాబట్టి పగలగొట్టాల్సిందేమీ లేదు. సంప్‌లోకి బోరు పైపు ఆపేశాం. సంప్, మొదటి ట్యాంకు కుళాయి నీళ్లకు. రెండో ట్యాంకు బోరుకు. ఫ్లష్‌లు, తోట, బయట కడుగుళ్లు రెండో ట్యాంకు మీద. ఐదుగురు రోజుకు ఐదేసిసార్లు ఎనిమిదేసి లీటర్ల ఫ్లష్ వాడితేనే 200 లీటర్లవుతుంది. ఆ మేరకు కుళాయి నీళ్లు మిగులుతాయి. ట్యాంకుల మధ్య పైపుకు వాల్వు బిగించి మూశాం. సరఫరా చాలని రోజుల్లోనే అది తెరవాలి. బోరు పైపును వీధి సరఫరా పైపుతో నేరుగా ఎప్పుడూ కలపకూడదు, వెనక్కి పోతే ఊరి నీళ్లు చెడతాయి. ట్యాంకులోకి పైనుంచి పడేలానే ఉండాలి.

రెండో పని, గీజర్లకూ వాషింగ్ మెషీన్‌కూ వెళ్లే లైన్ మీద మూడు వాల్వులతో ఖాళీ బైపాస్ కట్టించాను, అంటే తర్వాత యంత్రం తగిలించుకోవడానికి, అక్కర్లేనప్పుడు నీళ్లను పక్కనుంచి పోనివ్వడానికి వీలుండే పైపు. పక్కన ప్లగ్ పాయింటు, నేల మీద నీళ్లు పోయే దారి. యంత్రం మాత్రం పెట్టలేదు. కొత్త ఇంట్లో ఉన్న గొప్ప సౌకర్యం ఇదే. ఇల్లు కట్టేటప్పుడు గోడలు తెరిచి ఉంటే ఈ నాలుగడుగుల పైపుకు అరపూట పని. టైల్స్ వేశాక అయితే దీనికే బాత్రూము గోడ పగలగొట్టాల్సి రావొచ్చు. సాఫ్ట్‌నర్ గురించి ఏ నిర్ణయం తీసుకోకపోయినా సరే, ఈ బైపాస్ మాత్రం వదలకండి.

ఎప్పుడు పెట్టాలో కూడా ఆ రోజే కాగితం మీద రాసుకున్నాం: గీజర్ లోపలికి వెళ్లే నీళ్లు 200 దాటి వరసగా మూడు వారాలు ఉంటే పెడదాం, లేదంటే లేదు. ముందే రాసుకోకపోతే తర్వాత భయాన్నిబట్టి నిర్ణయాలు జరుగుతాయి. చుక్కల కిట్ ఒకటి ఇంట్లో ఇచ్చి, ఎలా చేయాలో చూపించాను. వారానికోసారి కొలిచే బాధ్యత అమ్మగారు తీసుకున్నారు.

కరువు నెలలు

నాలుగున్నర నెలల పాటు అమ్మగారి నోటుబుక్కులో 11, 12, 11 చుక్కలే ఉన్నాయి. ఐదో నెలలో కుళాయి నీళ్లు తగ్గాయి, మధ్య వాల్వు తెరిచారు. 24 చుక్కలు, తర్వాత 31, తర్వాత 35. మూడో వారం ఇంటాయన ఫోన్ చేశాడు. ఈసారి గొంతులో టెన్షన్ లేదు. "అన్నా, రాసుకున్న గీత దాటింది" అన్నాడు.

10 లీటర్ల రెజిన్ ఉన్న చిన్న యంత్రం బిగించాం. ఆ లైన్‌లో రోజుకు 220 లీటర్లు, 350 హార్డ్‌నెస్: 77 గ్రాములు. ఆరు రోజులకోసారి కిలో కంటే కొంచెం తక్కువ ఉప్పు, నెలకు 5 కిలోలు. నీళ్ల మీటరును బట్టి కడిగే వాల్వు పెట్టాను. రోజుల లెక్కన కడిగేదైతే ఊరెళ్లినా కడుగుతూనే ఉంటుంది. స్నానానికి వేడినీళ్లలో చన్నీళ్లు కలుపుకుంటారు కాబట్టి ఒంటికి తగిలేవి పూర్తి మెత్తటి నీళ్లు కావు, జిడ్డుగా జారుతున్నట్టుందనే ఫిర్యాదు రాలేదు. వంటింటి చన్నీళ్ల కుళాయిని ఈ లైన్ ముట్టుకోదు.

ఇక్కడ నేనొక తప్పు చేశాను. కడిగిన ఉప్పు నీళ్లు పోయే పైపును, దగ్గరగా ఉందని, వెనకాల ఇంకుడు గుంతలోకి వదిలాను. నెలన్నరకు గుంత పక్కన మొక్కల ఆకుల అంచులు మాడాయి. అమ్మగారు ఫొటో పంపేదాకా నాకు తట్టలేదు. పైపును ఆ రోజే మురుగు లైన్‌కి మార్చి, గుంతను చాలాసార్లు మంచినీళ్లతో కడిగించాను. రెండు మొక్కలు పోయాయి. ఇంకుడు గుంత బోరుకు నీళ్లిచ్చేది. అందులోకి ఉప్పు వదలకూడదని పైపు వేసే రోజే నాకు తట్టాల్సింది. ఇప్పుడు లైన్లు గీసేటప్పుడు యంత్రం చోటు కంటే ముందు ఈ నీళ్లు పోయే దారి గీస్తున్నాను.

కరువు నెలలు అయ్యాక యంత్రాన్ని పక్కకు తప్పించాలి. రెజిన్‌ను ఊరికే తడిగా వదిలేస్తే లోపల బ్యాక్టీరియా పెరుగుతుంది. అందుకే ఆఖరిసారి ఉప్పు ద్రావణంలోనే నింపి మూసి పెట్టాలి. మళ్లీ తెరిచిన రోజు బాగా కడిగాకే గీజర్‌కి వదలాలి. ఈ రెండు మాటలూ ఒక అట్టముక్క మీద రాసి బైపాస్ వాల్వుకు తాడుతో కట్టాను.

ఏడాది నిండాక గీజర్ ఒకటి విప్పి చూశాం. ఎలిమెంట్ మీద గోరుతో గీకితే వచ్చేంత పల్చటి పొర, అంతే. అడుగున రెండు చెంచాల ఇసక లాంటి పొడి. ఎలిమెంట్‌ను నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో గంట నానబెట్టి మళ్లీ బిగించాం. ఫ్లష్ ట్యాంకుల్లో బోరు నీళ్ల గార పడుతూనే ఉంది, ఆర్నెల్లకోసారి వాల్వు తీసి శుభ్రం చేసుకుంటున్నారు. అది ఊహించిందే.

పోయిన ఆదివారం అమ్మగారి నుంచి ఫొటో వచ్చింది. నోటుబుక్కులో ఆవిడ చేతిరాత: "12 చుక్కలు. మధ్య వాల్వు మూసేశాం. మిషన్ ఉప్పునీళ్లతో నింపి పక్కన పెట్టాం."